నలుపు తెలుపుల సౌందర్యము

ధనుర్మాసమున తెలుగుపల్లెలలో వేకువజామున లేచి, వాకిళ్లు ఊడ్చి, కల్లాపి చల్లి, ముగ్గులు పెట్టుట మన యాచారము. కొందరు ముగ్గులో రంగులు నింపుదురు. కొందరు తెల్లని పిండితోనే ముగించెదరు. రంగుల ముగ్గు వీథివెంట పోవువారిని దూరమునుండియే పిలుచును. తెల్లని ముగ్గు అట్లు పిలువదు. కాని దానియెదుట ఒక్క నిమిషము నిలిచి చూచినచో మరియొక విషయము తెలియును. చుక్కకును చుక్కకును నడుమ దూరము ఎంత సమముగా నున్నది! గీత ఎక్కడను తెగక, మెలికలు తిరుగుచు, బయలుదేరిన చోటికే యెట్లు వచ్చి చేరినది! పిండిని జారవిడిచిన ఆ వ్రేళ్ల నేర్పు ఎంతటిది! రంగులు నింపిన ముగ్గులోను ఈ నేర్పు ఉండును. అయినను రంగు మన కంటిని ముందుగా పట్టుకొనుటచే గీతను మనము గమనింపము.

చిత్రలేఖనమునందును, ఛాయాగ్రహణమునందును, చలనచిత్రములయందును ఈ సత్యము నెఱిగినవారు పలువురు కలరు. వారు రంగులను తగ్గించిరి. ఒక్కొక్కచో పూర్తిగా విడిచిరి. రంగులను విడిచినచో చిత్రము పేదది యగునని మనము తలంతుము. కాని అట్టి చిత్రములను చూచినపుడు, దినదినము మన కంటియెదుట నుండియు మనము చూడక విడిచిన వస్తువుల యందము మొదటిసారిగా కనబడును. ఇది యెట్లు సాధ్యమగునో ఈ పాఠమున తెలిసికొందము.

ముందుగా మన కంటి నిర్మాణమును గూర్చి కొంత యెఱుగవలెను. కనుగ్రుడ్డు లోపల వెనుకభాగమున నేత్రపటలము లేక రెటీనా యను పలుచని పొర యున్నది. వెలుతురును గ్రహించు కణములు ఆ పొరయందు ముఖ్యముగా రెండు విధములు. ఒకరకము శంకువువలె నుండుటచే శంకుకణము లనబడును. రెండవరకము కడ్డీవలె నుండుటచే దండకణము లనబడును. ఒక్కొక్క కంటిలో శంకుకణములు సుమారు 60 లక్షలు. దండకణములు సుమారు 12 కోట్లు. శంకుకణములు మంచి వెలుతురులో పనిచేసి మనకు రంగులను తెలుపును. దండకణములకు రంగుల భేదము తెలియదు. కాని అతిస్వల్పమైన వెలుతురును గూడ అవి గ్రహింపగలవు.

పున్నమినాటి రాత్రి పెరటిలో నిలిచి చూడుడు. పగటివేళ ఎఱ్ఱగా వెలిగిన మందారము నల్లగా కనబడును. ఆకుల పచ్చదనము బూడిదవన్నెగా మారును. వెన్నెల మిక్కిలి మందమైన వెలుతురగుటచే శంకుకణములు చాలవరకు పని మానును. దండకణములే మనకు లోకమును చూపును. అయినను వెన్నెలరాత్రి అందవికారముగా నున్నదని యెవ్వరైన అందురా? కొబ్బరాకుల నీడ గోడమీద ఊగుట, గడ్డివామి అంచున వెలుగు సన్నని గీతగా నిలుచుట, నూతిగట్టు యొక్క గుండ్రదనము, మూలనున్న కుండల వరుస, ఇవి యన్నియు మనకప్పుడు తోచును. కుండలు పగలును అచ్చటనే యున్నవి. గడ్డివామియు అచ్చటనే యున్నది. పగలు మనము వానిని చూడలేదు. ప్రకృతి తానే నెలకొకమారు రంగులను మరుగుపరచి వస్తువుల ఆకృతిని మనకు చూపుచున్నది.

చైనాదేశపు చిత్రకారులు ఈ రహస్యమును వేయి సంవత్సరములకు పూర్వమే గ్రహించిరి. దీపపు మసిని జిగురుతో కలిపి కడ్డీలుగా చేసి, ఆ కడ్డీని రాతిపలకమీద నీటితో అరగదీసి వారు సిరా తయారుచేయుదురు. నీరు తక్కువైనచో అది కాటుకవలె నల్లగా నుండును. కొంత పెరిగినచో మబ్బువన్నెకు వచ్చును. మిక్కిలి పెరిగినచో పొగవలె పలుచనగును. నల్లసిరా యొక్కటియే అయిదు వన్నెలకు సమానమని వారి నానుడి. మంచు క్రమ్మిన కొండను చిత్రించునపుడు వారు మంచును వ్రాయరు. ఆ భాగమున కాగితమును వట్టిగా విడుతురు. చూచువాని మనస్సే ఆ తావును మంచుతో నింపును. ఈ కళ అచ్చటినుండి జపానుదేశమునకు వ్యాపించెను. ఒక వెదురుకొమ్మ, నాలుగైదాకులు, చుట్టును తెల్లని కాగితము. ఇంతకుమించి కొన్ని చిత్రములలో మరేమియు నుండదు. అయినను ఆ యాకులు గాలికి ఎటు వంగినవో, ఏ యాకు దగ్గరనున్నదో, ఏది దూరమున నున్నదో సిరా చిక్కదనమువలననే తెలియును.

ఛాయాచిత్రముల చరిత్ర వేరు విధమైనది. చైనా చిత్రకారుడు కోరి రంగును విడిచెను. తొలినాటి ఛాయాగ్రాహకునకు రంగు దొరకనేలేదు. ఫ్రాన్సుదేశీయుడైన దాగేరు కనిపెట్టిన పద్ధతి 1839లో లోకమునకు వెల్లడియయ్యెను. వెండితో కూడిన కొన్ని రసాయనములపై వెలుతురు పడినచో అవి మార్పు చెందును. ఆ మార్పు వెలుతురు యొక్క హెచ్చుతగ్గులను మాత్రమే తెలుపగలదు, రంగును తెలుపజాలదు. మన హైదరాబాదులో ఆరవ నిజామునకు ఆస్థాన ఛాయాగ్రాహకుడై ప్రసిద్ధిగాంచిన రాజా దీనదయాళు 19వ శతాబ్ది తుదిభాగమున తీసిన సౌధముల చిత్రము లన్నియు ఇట్టివే. 1907లో లూమియేరు సోదరులు ఆటోక్రోము అను రంగు పలకలను విక్రయింప నారంభించిరి. 1935లో కోడాక్రోము ఫిల్ము వెలువడెను. తరువాత క్రమముగా రంగుల చిత్రములే లోకమున నిండెను. అయినను నలుపు తెలుపు చిత్రములు అంతరింపలేదు. పూర్వులు విధిలేక చేసిన పనిని తరువాతివారు కొందరు ఇష్టపడి చేసిరి.

అమెరికాదేశమునందలి కాలిఫోర్నియాలో ఎడ్వర్డు వెస్టను అను ఛాయాగ్రాహకుడుండెను. ఆయన 1930వ సంవత్సరమున కూరలలో వాడు బుట్టమిరపకాయలను ఎన్నియో మారులు చిత్రించెను. నేడు మనము క్యాప్సికమ్ అను కాయ యిదియే. ఎన్నివిధముల అమర్చినను ఆయనకు తృప్తి కలుగలేదు. తుదకు ఆగస్టు మాసమున ఒక కాయను రేకు గరాటులో నుంచెను. గరాటు లోపలి వంపునకు తగిలిన వెలుతురు మరలివచ్చి కాయపై నలుదెసల మెత్తగా వ్యాపించెను. ఆయన కెమెరా కటకపు రంధ్రమును మిక్కిలి చిన్నదిగా చేసి, కొన్ని నిమిషములపాటు ఫిల్ముపై వెలుతురు పడనిచ్చెను. అట్లు లభించిన చిత్రము ముప్పదవ సంఖ్య మిరపకాయ యను పేరుతో జగత్ప్రసిద్ధి గాంచినది.

ఆ చిత్రమును చూచినవారికి అది మొదట కూరగాయవలె తోచదు. వంగి కూర్చున్న మల్లుని వీపువలెను, ముడుచుకొన్న బాహువులవలెను అగపడును. నునుపైన చర్మముపై వెలుగు జారుట, మడతలలో నీడ చిక్కబడుట స్పష్టముగా తెలియును. దానినే రంగులలో చూచినచో ఏమందుము? పచ్చని మిరపకాయ యని చెప్పి ముందునకు సాగిపోవుదుము. మన చూపునకు ఇట్టి యలవాటు కలదు. వస్తువు పేరు తెలిసినతోడనే దానిని చూచుట మానివేయుదుము. ఎఱ్ఱనిది టమాటా, పసుపుపచ్చనిది నిమ్మపండు, ఊదాది వంకాయ యని రంగు మనకు పేరును త్వరగా అందించును. రంగు లేనిచోట పేరు వెంటనే తోపదు. కావున కన్ను ఇంకను కొంతసేపు అచ్చటనే నిలుచును. ఆ నిలిచిన సమయములోనే వస్తువు యొక్క అందము కనబడును.

రంగును తీసివేసినంతమాత్రమున ప్రతిచిత్రమును అందగించునని తలంపరాదు. అందు పెద్ద చిక్కు ఒకటి కలదు. ఎఱ్ఱని పువ్వు పచ్చని ఆకులనడుమ మన కంటికి ఎంతయో స్పష్టముగా తోచును. కాని ఆ రెండు రంగుల వెలుతురు సమానమైనచో, నలుపు తెలుపు చిత్రములో రెండును ఒకే బూడిదవన్నెగా కలిసిపోవును. పువ్వు ఆకులలో మాయమగును. ఇందుకు ఛాయాగ్రాహకులు ఒక యుపాయము కనిపెట్టిరి. కటకము ముందు రంగుటద్దము నుంచుదురు. ఎఱ్ఱని అద్దము ఎఱ్ఱని వెలుతురును పోనిచ్చి, నీలమును ఆకుపచ్చను చాలవరకు అడ్డగించును. అందువలన పువ్వు తెల్లబడును, ఆకులు నల్లబడును. ఆ యద్దముతోనే ఆకాశమును చిత్రించినచో నీలాకాశము ముదురుగా మారి, తెల్లని మబ్బులు కొండలవలె పైకి లేచి కనబడును. కావున నలుపు తెలుపు చిత్రము తీయువానికి రంగుల జ్ఞానము అక్కరలేదనుట పొరపాటు. ప్రతిరంగును ఏ వన్నెగా మారునో ముందే యూహింపగలవాడే అందు ప్రవీణుడగును.

మనదేశమున ఈ కళకు గొప్ప నిదర్శనములు కలవు. 1930వ సంవత్సరము మార్చి 12వ తేదీన మహాత్మాగాంధి సబర్మతి యాశ్రమమునుండి దండియాత్రకు బయలుదేరెను. శాంతినికేతనమున చిత్రకళాచార్యుడైన నందలాల్ బోసు ఆ సందర్భమును పురస్కరించుకొని ఒక యచ్చుచిత్రమును చేసెను. లినోలియ మను మెత్తని పలకను ఉలితో చెక్కి, సిరా పూసి, కాగితముపై అద్దుట ఆ పద్ధతి. చెక్కినచోటు తెల్లగా వచ్చును. మిగిలినచోటు నల్లగా వచ్చును. ఆ చిత్రములో చేతికర్ర బూని నడచుచున్న గాంధీమహాత్ముని రూపము నల్లని నేలపై తెల్లని గీతలతో ఏర్పడినది. వెనుక జనసమూహము లేదు, సముద్రము లేదు, జెండాలు లేవు. ముందునకు వంగిన శరీరము, నేల నూనిన కర్ర, ఎత్తిన అడుగు మాత్రమున్నవి. ఆ వృద్ధుని నడకలోని పట్టుదల మరేమియు అడ్డురాకుండ మనకు కనబడుచున్నది.

చలనచిత్రములలో ఇట్టి గుణము గలవానిలో సత్యజిత్ రాయి దర్శకత్వమున 1955లో విడుదలయైన పథేర్ పాంచాలి అగ్రగణ్యమైనది. బిభూతిభూషణ్ బందోపాధ్యాయుని నవల దానికి ఆధారము. కలకత్తా సమీపమునందలి బోరాల్ గ్రామమున అది చాలవరకు చిత్రింపబడెను. కెమెరా పట్టిన సుబ్రత మిత్ర అప్పటికి 21 సంవత్సరముల యువకుడు. అంతకుముందు చలనచిత్రపు కెమెరాను నడపి యెఱుగడు. ఆ కథలో రాజులు లేరు, మేడలు లేవు. కూలిపోవుచున్న ఇటుకల యిల్లు, తామరలతో నిండిన చెరువు, ఒక పేదకుటుంబము, ఇద్దరు పిల్లలు మాత్రమే కలరు.

మిఠాయిలమ్మువాడు కావడి మోసికొని పోవుచుండగా పిల్లలిద్దరును, వారివెంట ఒక కుక్కయు నడచిపోవు దృశ్యము అందున్నది. వారి ప్రతిబింబములు చెరువునీటిలో తలక్రిందుగా కదలును. వాన రాకముందు నీటిపై పురుగులు జారుట, మొదటి చినుకు పడుట మనము చూచెదము. పిల్లలు రైలును చూచుటకై రెల్లుపొదలలో పరుగెత్తు దృశ్యము లోకప్రసిద్ధము. తెల్లని రెల్లుపూలు గాలికి అలలవలె ఊగుచుండగా, వానికి ఆవల నల్లని పొగ చిమ్ముచు రైలు పోవును. ఆ దృశ్యమును తీయుటలో ఒక చిత్రమైన సంఘటన జరిగెను. మొదటిదినము కొంతభాగము తీసి, తరువాతి వారము మరల వచ్చిచూడగా పూలన్నియు మాయమైనవి, పశువులు మేసివేసినవి! మిగిలినభాగము తీయుటకు మరుసటి యేడు రెల్లు మరల పూచువరకు ఆగవలసివచ్చెను. తెలుపునకును నలుపునకును గల ఆ పొత్తు కుదురుటకు వారు ఒక సంవత్సరము వేచియుండిరి.

ఆ చిత్రమున ఇందిర్ ఠాక్రూణ్ అను దిక్కులేని ముసలమ్మ పాత్ర కలదు. రంగస్థలమును విడిచి చిరకాలమైన చునీబాలాదేవి యను వృద్ధనటి ఆ పాత్రను ధరించెను. ఆమె మొగమంతయు ముడుతలు. ఎండ ప్రక్కనుండి సోకినపుడు ప్రతిముడుతయు ఒక సన్నని నీడను మోయును. ఇట్టి ముసలివారు మన యూళ్లలో అరుగులమీద కూర్చుండియే యుందురు. మనము వారిప్రక్కనుండి పోవుచునే యుందుము. ఎన్నడైన నిలిచి ఒక్కరి మొగమును చూచితిమా? ఆ చిత్రమును చూచినవారు ఆ మొగమును మరువలేరు. సుందరమని లోకము లెక్కింపనిదానిని సుందరమని చూపుట వలన, దానిపై గౌరవమును గూడ ఆ చిత్రము కలిగించినది. 1956లో ఫ్రాన్సుదేశపు కాన్ నగరమున జరిగిన చలనచిత్రోత్సవమున ఉత్తమ మానవజీవన చిత్రముగా దానికి బహుమతి లభించెను.

1956లోనే వెలువడిన అపరాజితో అను రెండవభాగమునకై కాశీనగరపు ఇంటి నడిముంగిలిని స్టూడియోలో కట్టిరి. నిజమైన ముంగిలిలో వెలుతురు ఆకాశమునుండి మెత్తగా దిగును. నీడలు గాఢముగా నుండవు. స్టూడియో దీపములు సూటిగా పడి గాఢమైన నీడలను కలిగించును. సుబ్రత మిత్ర ముంగిలిపైన తెల్లని వస్త్రమును పందిరివలె కట్టించి, దీపములను దానివైపు త్రిప్పించెను. వెలుతురు వస్త్రమునకు తగిలి చెదరి క్రిందికి దిగెను. చూచినవారికి అది ఆకాశకాంతియే యని తోచెను. నలుపు తెలుపు చిత్రమునందు వెలుతురునకే రంగుల స్థానము గలదు. కావుననే ఇంత శ్రద్ధ యవసరమయ్యెను.

1957లో కె.వి. రెడ్డి దర్శకత్వమున వెలువడిన మన మాయాబజారును తెలుగువా రెవ్వరు చూడలేదు? అందు ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లీ. పడవలో విహరించు సన్నివేశమున నీటిపై తళతళలాడు వెన్నెలను ఆయన నలుపు తెలుపులతోనే సృష్టించెను. 2010లో ఆ చిత్రమునకు రంగులు దిద్ది మరల విడుదల చేసిరి. రంగులప్రతిని చూచి ఆనందించినవారును కలరు. పాతవెన్నెలయే చల్లగా నున్నదనువారును కలరు. ఏది మేలో విద్యార్థులు రెండును చూచి తామే నిర్ణయించుకొనవచ్చును.

ఇంతమాత్రమున రంగులు తక్కువవని భావింపరాదు. నెమలిపింఛమును నలుపు తెలుపులలో చూపుటవలన లాభమేమి? మామిడిపండు పక్వమైనదో కాదో వన్నెయే తెలుపవలెను. సత్యజిత్ రాయియే 1962లో కాంచనజంఘ అను చిత్రమును రంగులలో తీసెను. అందు డార్జిలింగు కొండలపై ఎండయు మంచును మారుచుండగా మనుష్యుల మనస్సులును మారుచుండును. దానికి రంగు కావలసివచ్చెను. ఆ తరువాత తీసిన మహానగర్ 1963లోను, చారులత 1964లోను నలుపు తెలుపులలోనే వెలువడెను. చెప్పదలచిన విషయమునకు ఏది తగునో దానిని ఎన్నుకొనుటయే కళాకారుని వివేకము. మన శ్రీకాళహస్తి కలంకారీ పనివారును కొలదిపాటి సహజవర్ణములతోనే రామాయణ భారత కథలను వస్త్రముపై వ్రాయుదురు. వన్నెలు కొన్నియే యగుటచే గీతకు బలము పెరుగును.

నేడు చేతిఫోనులతో ఎల్లరును చిత్రములు తీయుచున్నారు. ఒక్క మీటను నొక్కినంతనే రంగులచిత్రము నలుపు తెలుపుగా మారును. పరికరమెంత సులభమైనను చూచుట యను పని మనదే. ఆ యభ్యాసమునకు ఫోను గూడ అవసరము లేదు. చిత్రకారులు తాము వ్రాయదలచిన వస్తువును కన్నులు సగము మూసి చూతురు. అట్లు చూచినపుడు రంగులు మసకబారి, వెలుగు నీడల పెద్దభాగములు తేటపడును. మీరును అట్లే చేసి చూడుడు. ఒక సీసపుకలముతో మీ యింటిలోని యేదైన ఒక వస్తువును, అరిగిన రోకలిని గాని, సొట్టపడిన చెంబును గాని, తాతగారి చేతులను గాని గీయుటకు ప్రయత్నింపుడు. బొమ్మ బాగుగా రాకపోయినను చింతిల్లవలదు. గీయుచున్నంతసేపు ఆ వస్తువును మీరు చూచెదరు. రోకలి ఎచ్చట అరిగినదో, ఎవరి చేతులు పట్టుకొనుటచే అరిగినదో అప్పుడు మీకు తెలియును.